దూరం, వేగం, కాలం లెక్కలు: సమాన గుర్తు ఎక్కడ పెట్టాలి?

దూరం = వేగం × కాలం. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అదే పిల్లవాడు పదో తరగతికొచ్చాక "రైలు వేగం గంటకు 15 కి.మీ. ఎక్కువై ఉంటే 48 నిమిషాలు ముందే చేరేది, అసలు వేగమెంత?" అన్న లెక్క చూసి పెన్ను పక్కన పెట్టేస్తాడు. సూత్రం వచ్చు, వర్గ సమీకరణం సాధించడమూ వచ్చు. ఆ సమీకరణం లెక్కలో ఎక్కడ దాగి ఉందో మాత్రం కనిపించదు.

సమీకరణమంటే రెండు విలువలు సమానమని రాయడమే. కాబట్టి లెక్క చదవగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ప్రయాణాల్లో ఏది ఏదానికి సమానం? జవాబులు కూడా బోలెడు ఉండవు. వెళ్లిన దారే తిరిగొస్తే దూరాలు సమానం. ఒకేసారి బయల్దేరి దారిలో కలిస్తే కాలాలు సమానం. ఎదురెదురుగా వచ్చి కలిస్తే ఇద్దరి దూరాల మొత్తం, మొదట వాళ్ల మధ్య ఉన్న దూరానికి సమానం. ఒకరు ఆలస్యంగా, ఒకరు ముందుగా వస్తే కాలాల తేడా లెక్కలో ఇచ్చిన నిమిషాలకు సమానం. బడి లెక్కల్లో దాదాపు అన్నీ ఈ నాలుగింటిలోనే ఇమిడిపోతాయి.

బెంగళూరు, చెన్నైల్లోని తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఈ లెక్కల్ని ఇంగ్లీషులో చదువుతారు. చదివిన లెక్కను ముందు తెలుగులో చెప్పించండి: ఎవరు ముందు బయల్దేరారు, ఎవరు వెనకాల వచ్చారు, ఎక్కడ కలిశారు, నిజంగా జరిగిందేది, "అలా జరిగి ఉంటే" అని ఊహించిందేది. ఇంత చెప్పగలిగితే సగం పని అయినట్టే. చెప్పలేకపోతే బీజగణితం మొదలుపెట్టినా ఉపయోగం లేదు, లెక్క మళ్లీ చదవాల్సిందే.

గడులు గీయడం

కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: వేగం, కాలం, దూరం. ఒక్కో ప్రయాణానికి ఒక్కో అడ్డు వరుస. "అసలు వేగం" ఒక వరుస, "పెరిగిన వేగం" ఇంకో వరుస. వెళ్లడం ఒకటి, రావడం ఇంకొకటి. నోటు పుస్తకంలో ఎక్స్, వై అని రాసుకోండి. ఇక్కడ వేగానికి వ, కాలానికి క, దూరానికి ద అని రాస్తున్నాం. ఏ అక్షరం పెట్టినా లెక్క మారదు. భాస్కరాచార్యుడి నాటి గణితంలో తెలియని రాశుల్ని యా, కా, నీ అని రాసేవారు.

ప్రతి వరుసలోనూ ఒక గడిని లెక్కే ఇస్తుంది. ఇంకో గడిలో తెలియని అక్షరం పెడతాం. మూడో గడిని సూత్రంతో మనమే నింపాలి. సమీకరణం పుట్టేది అలా చివరగా నింపిన నిలువు గడిలోనే. దూరం ఇచ్చి, వేగానికి అక్షరం పెట్టారా? అయితే నింపింది కాలం గడి, సమీకరణం కాలాల గురించే ఉంటుంది. వేగం ఇచ్చి, కాలానికి అక్షరం పెట్టారా? సమీకరణం దూరాల గురించి ఉంటుంది. ఇది అలవాటైతే సమాన గుర్తు ఎక్కడ పెట్టాలా అని తడుముకోనక్కర్లేదు.

గడులు నింపే ముందు ప్రమాణాలు ఒక దారికి తేవాలి. వేగం గంటకు ఇన్ని కి.మీ. అని ఉంటే కాలం గంటల్లోనే ఉండాలి. నిమిషాల్ని 60తో భాగించి భిన్నంగానే ఉంచండి: 48 నిమిషాలంటే 48/60, అంటే 4/5 గంట. దశాంశంలో రాయాలనుకుంటే 6 నిమిషాలు 0.1 గంట అని గుర్తుంచుకోండి. 12 నిమిషాలు 0.2, 24 నిమిషాలు 0.4. ఒక గంట 12 నిమిషాలు 1.2 గంటలవుతుంది, 1.12 కాదు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. మీటర్లు, సెకన్లు వస్తే గంటకు కి.మీ.లను 5/18తో గుణించాలి. 1000 మీటర్లను 3600 సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఆ 5/18. ఎటు గుణించాలో మర్చిపోతే 18 కి.మీ./గం. అంటే 5 మీ./సె. అన్న ఒక్క జత చాలు.

ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా

చెన్నై నుంచి బెంగళూరుకు రైలు దారి సుమారు 360 కి.మీ. ఒక రైలు ఆ దూరం ఒకే వేగంతో వెళ్లింది. వేగం గంటకు 15 కి.మీ. ఎక్కువై ఉంటే 48 నిమిషాలు ముందే చేరేది. అసలు వేగమెంత?

రెండు వరుసలు గీద్దాం. అసలు ప్రయాణం: వేగం వ, దూరం 360, కాలం 360/వ. ఊహించిన ప్రయాణం: వేగం వ + 15, దూరం 360, కాలం 360/(వ + 15). చివరగా నింపింది కాలం గడి. రెండు కాలాల తేడా 4/5 గంట:

360/వ − 360/(వ + 15) = 4/5

ఇరువైపులా వ(వ + 15)తో గుణిస్తే ఎడమవైపు 360 × 15, అంటే 5400 మిగులుతుంది. కుడివైపు (4/5) × వ(వ + 15). అంటే వ(వ + 15) = 6750, లేదా

వ² + 15వ − 6750 = 0

కారణాంకాల కోసం 6750ని ముక్కలు చేస్తూ పేజీ నింపనక్కర్లేదు. 15 తేడా ఉన్న రెండు సంఖ్యల లబ్ధం 6750 కావాలి. 6750 వర్గమూలం 82 చిల్లర. దానికి కాస్త కిందా కాస్త పైనా, 15 తేడాతో చూస్తే 75, 90 దొరుకుతాయి. 75 × 90 = 6750. వ = 75 లేదా వ = −90. వేగం రుణ సంఖ్య కాదు కాబట్టి −90ని వదిలేస్తాం. వదిలేశామని, ఎందుకో కూడా ఒక వాక్యం రాయాలి. రాయకపోతే మార్కు పోవచ్చు.

సరిచూద్దాం: 360/75 = 4.8 గంటలు, అంటే 4 గంటల 48 నిమిషాలు. 360/90 = 4 గంటలు. తేడా 48 నిమిషాలు. శతాబ్ది ఈ దారిలో దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది కాబట్టి 75 నమ్మదగ్గ వేగమే.

ఇదే లెక్క ఎన్ని రకాలుగా తప్పుతుందో చూస్తే మిగతా లెక్కల్లోనూ జాగ్రత్త వస్తుంది. నిమిషాల్ని మార్చకుండా కుడివైపు 48 అని రాస్తే వేగం గంటకు 5.5 కి.మీ. దగ్గర వస్తుంది. అది మనిషి నడక, చూడగానే దొరికిపోతుంది. 0.48 అని రాస్తే దాదాపు 99 వస్తుంది. ఇది ప్రమాదకరమైన తప్పు: 99 అన్నది రైలు వేగంగానే కనిపిస్తుంది, వెనక్కి పెట్టి సరిచూస్తే తప్ప పట్టుబడదు. మూడో తప్పు తీసివేత వరస. పెరిగిన వేగం పక్కన ఉన్నది పెద్ద సంఖ్య కదా అని 360/(వ + 15)ను ముందు రాసేస్తారు. వేగం పెరిగితే కాలం తగ్గుతుంది; ఆ భిన్నం చిన్నది. అలా రాస్తే వ² + 15వ + 6750 = 0 వస్తుంది, విచక్షణి (15² − 4 × 6750) రుణ సంఖ్య, వాస్తవ మూలాలే ఉండవు. ప్రయాణం లెక్కలో విచక్షణి రుణమైతే "సాధన లేదు" అని రాసి ఊరుకోకండి. తీసివేత తిరగబడిందేమో వెనక్కెళ్లి చూడండి.

ఆలస్యం, ముందు

ఒక అమ్మాయి ఇంటి నుంచి అన్నానగర్‌లో ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తుంది. గంటకు 10 కి.మీ. వేగంతో వెళ్తే 4 నిమిషాలు ఆలస్యం. 12 కి.మీ. వేగంతో వెళ్తే 2 నిమిషాలు ముందే చేరుతుంది. దూరమెంత?

రెండు వరుసల్లోనూ దూరం ద. కాలాలు ద/10, ద/12. తేడా ఎంత? ఇక్కడ చాలామంది 4లోంచి 2 తీసేస్తారు. గడియారం గీసి చూపించండి: ట్యూషన్ మొదలయ్యే సమయానికి ఒక చేరిక 4 నిమిషాలు అటు, ఇంకో చేరిక 2 నిమిషాలు ఇటు. మధ్య దూరం 6 నిమిషాలు. ఒకటి ఆలస్యం, ఒకటి ముందు అయితే కలపాలి. రెండూ ఆలస్యమైతేనో, రెండూ ముందైతేనో తీసేయాలి.

ద/10 − ద/12 = 6/60. అంటే ద/60 = 6/60, ద = 6 కి.మీ. వెనక్కి చూస్తే 36 నిమిషాలు, 30 నిమిషాలు. ట్యూషన్‌కి ఉన్న సమయం 32 నిమిషాలని కూడా తేలింది. లెక్క అడగకపోయినా అది రాసి చూసుకుంటే రెండు వైపులా సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

ఎదురెదురుగా, ఒకరి వెనక ఒకరు

ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదంలో, ఈ నియమాన్ని ఒక్క శ్లోకంలో చెప్పాడు: ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో, ఒకే దిశలో పోతుంటే వేగాల తేడాతో భాగిస్తే కలిసే కాలం వస్తుంది. ఇప్పటి పుస్తకాల్లో సాపేక్ష వేగమంటున్నది ఇదే. నియమం సులువు. చిక్కు బయల్దేరే సమయాలు వేరైనప్పుడు వస్తుంది.

చెన్నై, బెంగళూరుల మధ్య రోడ్డు దారి 350 కి.మీ. అనుకుందాం. ఉదయం 6 గంటలకు చెన్నై నుంచి ఒక కారు గంటకు 60 కి.మీ. వేగంతో బయల్దేరింది. 7 గంటలకు బెంగళూరు నుంచి ఇంకో కారు 56 కి.మీ. వేగంతో ఎదురొచ్చింది. ఎప్పుడు కలుస్తాయి?

మొదటి కారు ప్రయాణించిన కాలం క అనుకుంటే రెండోదాని కాలం క − 1. "గంట తర్వాత బయల్దేరింది" అని చదివి క + 1 రాయడం మామూలుగా జరిగే పొరపాటు. ఆలస్యంగా బయల్దేరిన బండి కలిసే దాకా రోడ్డు మీద ఉండేది తక్కువ సేపు, తీసివేతే రావాలి. దూరం గడి నింపితే 60క, 56(క − 1). మొత్తం 350:

60క + 56(క − 1) = 350
116క = 406
క = 3.5

ఉదయం 9:30కి కలుస్తాయి, 9:50కి కాదు. చెన్నై కారు వచ్చింది 210 కి.మీ., బెంగళూరు కారు వచ్చింది 140 కి.మీ.; మొత్తం 350. కలిసేది వాణియంబాడి దరిదాపుల్లో. ఇంకో దారి: మొదటి గంటలో చెన్నై కారు 60 కి.మీ. వచ్చేసింది కాబట్టి 7 గంటలకు మిగిలింది 290. దాన్ని 116తో భాగిస్తే 2.5 గంటలు. ఈ దారి పొట్టిది. కానీ వచ్చిన 2.5ను 6 గంటలకు కలిపి 8:30 అని రాసేవాళ్లున్నారు. ఏ గడియారం నుంచి లెక్కపెడుతున్నారో పక్కన రాసుకోండి.

వెనక నుంచి పట్టుకునే లెక్కలో సమానమయ్యేవి దూరాలు. చెన్నైలోని మాధవరం బస్టాండు నుంచి నెల్లూరు బస్సు 10 గంటలకు 50 కి.మీ. వేగంతో బయల్దేరింది. 10:24కి అక్కణ్నుంచే ఒక కారు 70 కి.మీ. వేగంతో వెంట పడింది. 24 నిమిషాల్లో, అంటే 0.4 గంటలో, బస్సు 20 కి.మీ. ముందుకెళ్లింది. తేడా గంటకు 20 కి.మీ. చొప్పున తగ్గుతుంది. గంటలో, అంటే 11:24కి, 70 కి.మీ. దగ్గర కలుస్తాయి. బస్సు 1.4 గంటల్లో 70 కి.మీ. వెళ్తుంది కాబట్టి లెక్క సరిపోయింది. ఆ చోటు తడ దాటాక వస్తుంది.

రెండు వేగాలూ తెలియకపోతే రెండు సమీకరణాలు కావాలి. 84 కి.మీ. దూరంలో ఉన్న రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే 1 గంట 12 నిమిషాల్లో కలుస్తాయి. ఒకే దిశలో పోతే వెనకది ముందుదాన్ని 6 గంటల్లో అందుకుంటుంది. వేగాల మొత్తం 84/1.2 = 70. తేడా 84/6 = 14. కలిపి సగం చేస్తే 42, తీసేసి సగం చేస్తే 28.

సరాసరి వేగం

బెంగళూరులో సిల్క్ బోర్డు వైపు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పైవంతెన దాదాపు 10 కి.మీ. పొద్దున ఆ దూరం 60 కి.మీ. వేగంతో వెళ్లి, సాయంత్రం ట్రాఫిక్‌లో 20 కి.మీ. వేగంతో తిరిగొస్తే సరాసరి వేగమెంత? 40 అనిపిస్తుంది. గడులు నింపి చూడండి: వెళ్లడానికి 10 నిమిషాలు, రావడానికి 30 నిమిషాలు. 20 కి.మీ.కి 40 నిమిషాలు పట్టింది, సరాసరి గంటకు 30 కి.మీ. నెమ్మదిగా వెళ్లిన వేగంలోనే ఎక్కువసేపు ఉన్నారు కాబట్టి సరాసరి అటువైపు లాగుతుంది. సరాసరి వేగమంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడమే, ఇంకేదీ కాదు.

రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి మొత్తంతో భాగించే చిట్కా బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో నేర్పుతారు. అది రెండు దూరాలూ సమానమైనప్పుడే పనిచేస్తుంది. "మొదటి గంట 60, రెండో గంట 20" అంటే కాలాలు సమానం, అప్పుడు జవాబు నిజంగానే 40. చిట్కా బట్టీ పట్టినవాళ్లు అక్కడ బోల్తా పడతారు. అందుకే ఆ చిట్కా నేర్పకపోవడమే మేలు.

పిల్లలకు వేగం గురించి లోతుగా అర్థం కావాలంటే ఈ ప్రశ్న అడగండి: అదే వంతెన మీద వెళ్లేటప్పుడు 30 కి.మీ. వేగంతో వెళ్లారు. రానూపోనూ సరాసరి 60 రావాలంటే తిరుగు ప్రయాణంలో ఎంత వేగం కావాలి? చాలామంది 90 అంటారు. 20 కి.మీ.కి సరాసరి 60 రావాలంటే మొత్తం పట్టాల్సింది 20 నిమిషాలు. వెళ్లడానికే 20 నిమిషాలు అయిపోయాయి. ఏ వేగంతో వచ్చినా కుదరదు.

రైలు పొడవు, పడవ

స్తంభాన్ని దాటాలంటే రైలు తన పొడవంత దూరం కదలాలి. ప్లాట్‌ఫాం దాటాలంటే తన పొడవు, ప్లాట్‌ఫాం పొడవు రెండూ కలిపి కదలాలి: ఇంజను ప్లాట్‌ఫాం మొదట్లో ఉన్నప్పుడు మొదలైన లెక్క, చివరి పెట్టె ప్లాట్‌ఫాం చివర దాటినప్పుడు ముగుస్తుంది. ఒక రైలు స్తంభాన్ని 22 సెకన్లలో, 450 మీటర్ల ప్లాట్‌ఫాంను 40 సెకన్లలో దాటింది. రైలు పొడవు 22 × వ; 22 × వ + 450 = 40 × వ. వ = 25 మీ./సె., అంటే 90 కి.మీ./గం. పొడవు 550 మీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో వాడే ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె ఒక్కోటి సుమారు 24 మీటర్లు. 22 పెట్టెలు, ఒక ఇంజను కలిపితే ఇంచుమించు అంతే వస్తుంది. జవాబు 55 మీటర్లనో 5 కి.మీ.లనో వస్తే ప్రమాణాలు మళ్లీ చూసుకోవాలని ఈ కొలతే చెప్తుంది.

పడవ లెక్కల్లో కొత్తేమీ లేదు. ప్రవాహంతో పాటు వెళ్తే రెండు వేగాలూ కలుస్తాయి, ఎదురీదితే పడవ వేగంలోంచి ప్రవాహం వేగం తగ్గుతుంది. 24 కి.మీ. ప్రవాహంతో పాటు 2 గంటలు, ఎదురుగా 3 గంటలు పడితే వేగాలు 12, 8. పడవ వేగం 10, ప్రవాహం 2. నిశ్చలమైన నీటిలో వేగం అడిగారా, ప్రవాహం వేగం అడిగారా అన్నది మాత్రం జవాబు రాసే ముందు మళ్లీ చదవండి.

సాధనకు

1. 240 కి.మీ. ప్రయాణంలో వాన వల్ల కారు మామూలు వేగం కంటే గంటకు 12 కి.మీ. తక్కువతో వెళ్లి, గంట ఆలస్యంగా చేరింది. మామూలు వేగమెంత?

2. 450 మీటర్ల రైలు, తను వెళ్లే దిశలోనే గంటకు 6 కి.మీ. వేగంతో నడుస్తున్న మనిషిని 27 సెకన్లలో దాటింది. రైలు వేగమెంత?

3. ఒక రైలు ఆగకుండా వెళ్తే సరాసరి 75 కి.మీ./గం., స్టేషన్లలో ఆగుతూ వెళ్తే 60 కి.మీ./గం. గంటకు సగటున ఎన్ని నిమిషాలు ఆగుతోంది?

జవాబులు: మొదటిది 60 కి.మీ./గం.; మామూలుగా 4 గంటలు, వానలో 5 గంటలు. 48 వచ్చిందంటే వానలో వేగానికి అక్షరం పెట్టి, అడిగినదాన్ని మర్చిపోయారు. రెండోది 66 కి.మీ./గం.; 54 వచ్చినవాళ్లు మనిషి ఎదురొస్తున్నాడనుకున్నారు. మూడోది 12 నిమిషాలు: గంటలో తగ్గిన 15 కి.మీ.ను 75 వేగంతో వెళ్లడానికి పట్టే కాలం అదే.